వెయ్యి యూనిట్ల రేటు ఒక్కటే చూసి ప్లాన్ తీసుకోకండి

టెక్సస్‌లో వేర్వేరు కంపెనీల కరెంట్ ప్లాన్లను పోల్చి చూపే ‘పవర్ టు చూజ్’ సైట్ తెరిచి, అన్నిటికంటే తక్కువ రేటున్న ప్లాన్ తీసుకుంటే సరిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. టెక్సస్‌లోని ఇర్వింగ్ నగరానికి వచ్చిన మొదటి ఏడాది నేనూ అదే చేసి నష్టపోయాను. అక్కడ మొదట కనిపించేది నెలకు వెయ్యి యూనిట్లు వాడితే పడే సగటు ధర. చాలా ప్లాన్లలో వాడకం వెయ్యికి చేరితేనే బిల్లులో పెద్ద తగ్గింపు ఇస్తారు. మా చిన్న అపార్ట్‌మెంట్‌లో ఏసీ అక్కర్లేని నెలల్లో 600 యూనిట్లు కూడా కాలవు. ఆ నెలల్లో తగ్గింపు రాక, యూనిట్ ధర నేను చూసినదానికి దాదాపు రెట్టింపు పడింది.

అందుకే ప్రతి ప్లాన్‌తో ఇచ్చే వివరాల పత్రం, ‘ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్’, తప్పకుండా తెరవండి. 500, 1000, 2000 యూనిట్ల దగ్గర ధర ఎంతో మూడూ అందులో ఉంటాయి. ‘స్మార్ట్ మీటర్ టెక్సస్’ అనే సైట్‌లో మీ పాత వాడకం ఉచితంగా చూడొచ్చు. నెలనెలా లెక్క వేస్తే గంట పని, అంతే. తగ్గింపుల గొడవ లేని ఫిక్స్‌డ్ రేటు ప్లానే మాకు చౌకగా తేలింది.

ఇంకొకటి, కాంట్రాక్ట్ ముగిసే తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. మరిచిపోతే నెలనెలా మారే రేటులోకి నెట్టేస్తారు, అది సాధారణంగా చాలా ఎక్కువ. ఆఖరి 14 రోజుల్లో కంపెనీ మారితే పెనాల్టీ ఉండదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియోలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ వెతుకులాట లేదు, అక్కడ నగర సంస్థే కరెంట్ ఇస్తుంది.