గెలిచినవాడి నెత్తిన బరువు: టూరింగ్ కార్ల రేసుల్లో అసలు అన్యాయం ఎక్కడ?

శనివారం ఎవరు ఎక్కడి నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫైయింగ్, ఆదివారం ఒకే ట్రాక్ మీద మూడు రేసులు. రోడ్ల మీద తిరిగే మోడళ్లనే రేసుకు మలిచి నడిపే బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ వారాంతం ఏళ్లుగా నడిచిన తీరు ఇది. పొద్దున మొదటి రేసు గెలిచిన డ్రైవరు ట్రోఫీ పట్టుకుని ఫొటోలు దిగి వచ్చేసరికి అతని కారుకు శిక్ష సిద్ధమవుతుంది. 2021 దాకా ఆ శిక్ష బరువు దిమ్మెల రూపంలో ఉండేది. 2022లో ఇంజిన్‌కు తోడుగా విద్యుత్తుతో నడిచే హైబ్రిడ్ మోటారు పెట్టి, ముందున్నవాళ్లకు దాన్ని వాడుకునే సమయంలో కోత వేశారు. 2025లో హైబ్రిడ్‌ను పీకేసి ఇంజిన్‌కు ఇచ్చే అదనపు టర్బో బూస్ట్‌లో కోత పెడుతున్నారు. ఇది చాలదన్నట్టు మూడో రేసుకు గ్రిడ్, అంటే కార్లు బయల్దేరే వరుస, తలకిందులు. రెండో రేసులో ముందు వచ్చినవాళ్లలో ఎందరిని తిప్పాలో లాటరీ తీస్తారు. పది పడిందనుకోండి, పదో స్థానంలో వచ్చినవాడు అందరికన్నా ముందు నిలబడతాడు, గెలిచినవాడు పదో గడిలోకి వెళ్తాడు.

ఫార్ములా వన్ చూసి అలవాటు పడ్డవాళ్లకు ఇది ఒళ్లు మండించే పద్ధతి. బాగా నడపడమే నేరమా, నెమ్మదిగా వెళ్లినవాడికి బహుమానమా అని అడుగుతారు. ప్రశ్న సూటిగానే ఉంది కానీ గురి తప్పింది. నా లెక్కలో టూరింగ్ కార్ల రేసుకు ఆ బరువే ప్రాణం. అన్యాయం లేదని కాదు. ఆ బరువు ఎంతో ఒక గదిలో కూర్చుని తేల్చే చోట ఉంది, ముందు కారును గుద్ది సంపాదించిన స్థానం గుద్దినవాడికే మిగిలే చోట ఉంది.

అసలు ఈ పోటీలో అందరికన్నా వేగంగా వెళ్లినవాడే చాంపియన్ కావాలన్న నియమం మొదటి నుంచీ లేదు. 1958లో బ్రిటిష్ సెలూన్ కార్ చాంపియన్‌షిప్ పేరుతో మొదలైనప్పుడు ఇంజిన్ పరిమాణాన్ని బట్టి కార్లను తరగతులుగా విడగొట్టి, ఎవరి తరగతిలో వాళ్లకు పాయింట్లు ఇచ్చారు. ఏడాది చివరికి ఆస్టిన్ వెస్ట్‌మినిస్టర్ నడిపిన జాక్ సియర్స్, జాగ్వార్ నడిపిన టామీ సాప్‌విత్ సమానంగా నిలిచారు. నాణెం ఎగరేద్దామన్నారు నిర్వాహకులు. ఇద్దరికీ అది నచ్చలేదు. చివరికి బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లో రెండు ఒకేలాంటి రైలీ కార్లు తెచ్చి, అయిదేసి ల్యాపుల రేసులు రెండు పెట్టారు. మొదటి రేసు అయ్యాక ఇద్దరూ కార్లు మార్చుకున్నారు. రెండు సమయాలూ కలిపితే సియర్స్ 1.6 సెకన్ల తేడాతో గెలిచాడు. యంత్రాల మధ్య తేడాను చెరిపేసి మనిషిని తూచడమనే ఆలోచన తొలి ఏడాదే వచ్చిందన్నమాట.

తరగతుల లెక్క 1990 దాకా సాగింది. 1986లోనూ 1987లోనూ క్రిస్ హాడ్జెట్స్ చిన్న తరగతి టొయోటా కరోలాతో టైటిల్ కొట్టాడు. 1989లో ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్500లు ట్రాక్ మీద నిప్పులు కక్కుతూ ముందు పరిగెత్తుతుంటే, వాటి వెనక వోక్స్‌హాల్ ఆస్ట్రాలో తన తరగతి పాయింట్లు ఏరుకుంటూ పోయిన జాన్ క్లీలాండ్ చాంపియన్ అయ్యాడు. టీవీలో రేసు చూసే ప్రేక్షకుడికి ఇది మింగుడుపడని సంగతే. కళ్లముందు గెలిచేది ఒకడు, కప్పు ఎత్తేది ఇంకొకడు. అందుకే 1991లో తరగతులన్నీ ఎత్తేసి అందరికీ రెండు లీటర్ల ఇంజిన్ అన్నారు.

ఆ తర్వాతి పదేళ్లను ఈ పోటీకి స్వర్ణయుగమంటారు. ఆ మాట కాదనలేం. కానీ ఖర్చుకు కళ్లెం లేని ఆ దశాబ్దం ఎలా ముగిసిందో కూడా చెప్పుకోవాలి. 1994లో ఆల్ఫా రోమియో, కారును నేలకు అదిమే ముందు పెదవి, వెనక రెక్క ఉన్న 155 మోడల్‌ను దించింది. రెక్కల మీద రచ్చ రేగింది, ఆల్ఫా ఒక దశలో అలిగి ఔల్టన్ పార్క్ రేసుల నుంచి వెళ్లిపోయింది, అయినా గాబ్రియేలె టార్క్విని టైటిల్ పట్టుకుపోయాడు. మరుసటేడు అందరికీ రెక్కలే. ఒకడు పెట్టిన ఖర్చును మిగతావాళ్లంతా పెట్టక తప్పని పోటీ అది. 2000 నాటికి కంపెనీల జట్లు మూడే మిగిలాయి: ఫోర్డ్, హోండా, వోక్స్‌హాల్. వేగానికి పగ్గం వేయకపోతే అది డబ్బు పోటీగా మారుతుంది. డబ్బు పోటీలో చివరికి మిగిలేది ఖాళీ గ్రిడ్. గెలుపు బరువును తిట్టిపోసేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఆ బరువు కారును ఏం చేస్తుందో దగ్గరగా చూస్తే దాని గొప్పతనం అర్థమవుతుంది. ఒక దశలో గరిష్ఠ బరువు 75 కిలోలు. పక్క సీట్లో ఓ భారీ పెద్దమనిషిని ఎక్కించుకుని రేసుకు వెళ్లినట్టు. రమారమి టన్నుంపావు తూగే కారుకు ఇది పెద్ద విషయమా అనిపిస్తుంది. బ్రాండ్స్ హ్యాచ్ చిన్న ట్రాక్ మీద ల్యాపు యాభై సెకన్ల లోపే అయిపోతుంది, క్వాలిఫైయింగ్‌లో ఒక్క సెకనులో పది పదిహేను కార్లు ఇరుక్కుంటాయి. అక్కడ పదో వంతు సెకను పోయినా రెండు వరుసలు వెనక్కి జరిగినట్టే. ప్యాడక్ హిల్ మలుపులో కారు కుడికి తిరుగుతూనే పల్లంలోకి జారుతుంది, వెంటనే డ్రూయిడ్స్ మలుపు వైపు ఎత్తు ఎక్కాలి. దిగేటప్పుడు బరువు కారును మలుపు బయటికి నెడుతుంది, ఎక్కేటప్పుడు వెనక్కి లాగుతుంది. హోండా సివిక్ లాంటి, ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే అందే కారైతే తిప్పడం, లాగడం, బ్రేకు భారం మోయడం మూడూ ముందు టైర్ల మీదే. ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువ కాబట్టి ఎడమ ముందు టైరు మొదట చేతులెత్తేస్తుంది. పది ల్యాపులయ్యాక డ్రైవరు స్టీరింగ్ తిప్పుతాడు, కారు మాత్రం నేరుగా పోతానంటుంది. బీఎండబ్ల్యూలాంటి వెనక చక్రాల కారుకు ఆ పని ముందూ వెనకల మధ్య పంచుకునే వీలుంది. నిలబడి ఉన్నచోటి నుంచి దూకడంలోనూ దానిదే పైచేయి. థ్రక్స్టన్ ట్రాక్‌కు వెళ్తే కథ మళ్లీ మారుతుంది. పాత విమానాశ్రయం చుట్టూ వేసిన, టైర్లను గీకేసే ట్రాక్ అది. అంత వేగంలో టైరును చివరి ల్యాపు దాకా బతికించుకోవడమే ఒక విద్య.

అంటే బరువు మోస్తున్న డ్రైవరు చేయాల్సిన పని గెలవడం కాదు. ఆరో స్థానానికి అర్హమైన కారును నాలుగో స్థానంలో చేర్చడం. ఏళ్ల తరబడి గెలుపుకు 20, రెండుకు 17, మూడుకు 15 అంటూ పదిహేనో స్థానం దాకా పాయింట్లు ఇచ్చిన పట్టికలో టైటిల్ కట్టేది ఈ నాలుగులూ అయిదులే. గెలుపులు పత్రికల వాళ్లకు.

2019 చివరి వారాంతమే తీసుకోండి. అక్టోబరు, బ్రాండ్స్ హ్యాచ్. రెండో రేసులో టైటిల్ పోటీలో ఉన్న కాలిన్ టర్కింగ్‌టన్‌కు దెబ్బ తగిలి కారు తిరిగిపోయింది. మూడో రేసుకు గ్రిడ్ అడుగున నిలబడ్డాడు. టైటిల్ అతని ప్రత్యర్థి డాన్ క్యామిష్ చేతిలోకి జారింది. టర్కింగ్‌టన్ వెనక నుంచి ఒక్కో కారునూ దాటుకుంటూ పాయింట్లలోకి వచ్చాడు కానీ అదీ చాలేలా లేదు. చివరి ల్యాపుల్లో క్యామిష్ కారు బ్రేకులు పోయాయి, కారు వెళ్లి అడ్డుగోడను కొట్టింది. టైటిల్ టర్కింగ్‌టన్‌కే దక్కింది. 30 రేసుల తర్వాత తేడా 2 పాయింట్లు. దీన్ని అదృష్టమంటే అనొచ్చు. కానీ ఆ రెండు పాయింట్లు ఏప్రిల్ నుంచి బరువైన కారుతో అయిదో స్థానాన్ని నాలుగుగా మార్చుకున్న ఏదో ఒక మామూలు మధ్యాహ్నం నుంచి వచ్చాయి. ఏ మధ్యాహ్నమో ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ పద్ధతి మంచి డ్రైవర్లను తొక్కేస్తుందన్న వాదన రికార్డుల ముందు నిలవదు. టర్కింగ్‌టన్‌కు నాలుగు టైటిళ్లు. యాష్ సటన్‌కూ నాలుగు: 2017లో సుబారు, 2020, 2021ల్లో ఇన్ఫినిటీ, 2023లో ఫోర్డ్ ఫోకస్. మొదటి మూడూ వెనక చక్రాల కార్లు, చివరిది ముందు చక్రాలది. బరువు ఉన్న రోజుల్లోనూ గెలిచాడు, హైబ్రిడ్ కోత రోజుల్లోనూ గెలిచాడు. శిక్ష వేసే పద్ధతి మారినా పైకి తేలే మనుషులు మారలేదంటే ఆ జల్లెడ పనిచేస్తున్నట్టే కదా.

ఇక గదిలో కూర్చుని బరువు తేల్చే గుట్టు సంగతి. ప్రపంచంలో చాలా దేశాల్లో ఇప్పుడు నడుస్తున్నది టీసీఆర్ పద్ధతి. జట్లు కంపెనీల నుంచి తయారైన రేసు కారును కొనుక్కుంటాయి. రెండు లీటర్ల టర్బో, ముందు చక్రాలు, 350 హార్స్‌పవర్ దరిదాపులు. ఖర్చు అదుపులో ఉంచడానికి చక్కటి ఏర్పాటు. అక్కడ రకరకాల మోడళ్లను సమం చేయడానికి సాంకేతిక విభాగం పరీక్షలు జరిపి ఏ కారుకు ఎంత బరువు, నేల నుంచి ఎంత ఎత్తు, ఎంత ఇంజిన్ శక్తి అని పట్టికలు విడుదల చేస్తుంది, అవసరమనుకుంటే మారుస్తుంది. బ్రిటన్ పద్ధతిలో నిన్న నువ్వు గెలిచావు కాబట్టి ఇవాళ నీకు ఇంత అని పాయింట్ల పట్టిక చూసి పిల్లాడైనా చెప్పగలడు. టీసీఆర్‌లో ఫలానా కారు వేగంగా ఉందని మేం భావిస్తున్నాం కాబట్టి దానికి ఇంత. మొదటిది చేసిన పనికి పన్ను, రెండోది చేయగలవన్న అనుమానానికి పన్ను. అనుమానం మీద పన్ను వేసేచోట ఆదాయం దాచుకోవడమే తెలివవుతుంది. పరీక్షల రోజు పూర్తి వేగం చూపించని జట్టును ఎలా తప్పుపడతాం? పాయింట్లు పణంగా పెడితే తప్ప వేగం దాచడానికి వీల్లేని చోటే ఈ ఆట నిజాయితీగా ఉంటుంది.

గుద్దుడు విషయంలో మాత్రం బ్రిటన్‌కూ మినహాయింపు లేదు. గ్రిడ్ తిరగేయడమంటే వేగమైన కార్లను కావాలని నెమ్మది కార్ల వెనక పెట్టడం. దాటడానికి చోటు లేని ట్రాక్ మీద బంపరే ఆయుధమవుతుంది. తలుపుకు తలుపు రాసుకోవడం ఈ రేసుల అందం, అది పోవాలని నేననను. కానీ వెనక నుంచి పొడిచి, కారు అదుపు తప్పేలా చేసి ఆ ఖాళీలోంచి దూరిపోవడం వేరు. 1992లో సిల్వర్‌స్టోన్ చివరి రేసులో టైటిల్ కోసం పోరాడుతున్న క్లీలాండ్‌ను బీఎండబ్ల్యూ డ్రైవర్ స్టీవ్ సోపర్ ఢీకొన్నాడు. ఇద్దరూ రేసు నుంచి పోయారు, సోపర్ సహచరుడు టిమ్ హార్వీ చాంపియన్ అయ్యాడు. మూడు దశాబ్దాలు దాటినా తప్పెవరిదన్న వాదన తెగలేదు. 2015లో ఆస్ట్రియాలోని రెడ్ బుల్ రింగ్ ట్రాక్‌లో జరిగిన జర్మన్ టూరింగ్ కార్ల పోటీ డీటీఎం రేసులోనైతే వాదనకే తావులేదు. ముందున్నవాణ్ని తోసేయమని ఆడీ రేసింగ్ విభాగాధిపతి వోల్ఫ్‌గాంగ్ ఉల్రిచ్ రేడియోలో అన్న మాట అందరికీ వినపడింది. ఆడీ డ్రైవర్ టిమో షైడర్ కొట్టిన దెబ్బకు రెండు మెర్సిడెస్‌లు కంకరలోకి పోయాయి. ఆడీకి 2 లక్షల యూరోల జరిమానా, ఉల్రిచ్‌కు మిగతా సీజనంతా జట్లు కార్లకు పనులు చేసే పిట్ లేన్‌లోకి ప్రవేశం బంద్.

అక్కడ సాక్ష్యం రేడియోలోనే దొరికింది. మామూలు ఆదివారాల్లో దొరకదు. రేసులో తప్పొప్పులు తేల్చే స్టీవార్డులు వీడియోలు తిప్పి తిప్పి చూసి, సాయంత్రానికి కొన్ని సెకన్లో గ్రిడ్ స్థానాలో కోసి చేతులు దులుపుకుంటారు. గుద్దినవాడు ఆపాటికి ట్రోఫీ తీసుకుని ఉంటాడు. కంకరలో ఆగిపోయినవాడికి పాయింట్లు రావు, పైగా తర్వాతి రేసుకు గ్రిడ్ అడుగు. గెలుపుకు శిక్షను అంత కచ్చితంగా కొలిచి, ముందే రాసిపెట్టి, గంటల్లో అమలు చేయగలిగిన నిర్వాహకులు గుద్దుడుకు మాత్రం అలాంటి కొలత ఎందుకు పెట్టరు? తగిలి లాభపడ్డ స్థానాన్ని రెండు ల్యాపుల్లో వెనక్కి ఇవ్వాలి, ఇవ్వకపోతే తర్వాతి రేసుకు గరిష్ఠ కోత పడాలి. బూస్ట్ తగ్గించే యంత్రాంగం చేతిలో ఉండనే ఉంది. దాన్ని ఇప్పటిదాకా బాగా నడిపినవాళ్ల మీదే వాడుతున్నారు.