దెబ్బ వెన్నుకి.. మరి మెదడు సంగతి?

పాడేరు వైపు జీలుగ చెట్టు మీద నుంచి పడినవాళ్లూ, గాజువాకలో సెంట్రింగ్ పని చేస్తూ జారినవాళ్లూ, హైవే మీద బైకు ప్రమాదంలో నడుం విరిగినవాళ్లూ చివరికి చేరేది విశాఖ ఆస్పత్రులకే. వార్డులో డాక్టర్ అరికాలు గీకి చూస్తారు, బొటనవేలు కదపమంటారు. ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "నడుస్తాడా సార్?" అడగాల్సిందే. అంతటితో సరిపెట్టుకోవడమే నాకు మింగుడుపడదు. దెబ్బ వెన్నుకే తగిలినా దాని ప్రభావం మెదడు దాకా పోవచ్చు.

మెదడులోని సన్నటి రక్తనాళాల్లో గోడ కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. వాటిని పెరిసైట్లు అనే కణాలు, ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల కొసలు బయటి నుంచి చుట్టి ఉంటాయి. బ్లడ్-బ్రెయిన్ బారియర్ అంటే ఇదే. ఆక్సిజన్, గ్లూకోజ్ లోపలికి వెళ్తాయి. చాలా క్రిములూ, చాలా మందులూ బయటే ఆగిపోతాయి. వెన్నుపాముకూ ఇలాంటి గోడే ఉంది, కాకపోతే కాస్త పలచన.

వెన్నుపాము నలిగిన నిమిషాల్లోనే ఆ గోడ లీకవుతుంది. రక్తంలోని నీరు, ప్రొటీన్లు లోపలికి చేరి వాపు మొదలవుతుంది. ఆ తర్వాత గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వచ్చి ఎంఎంపీ-9 అనే ఎంజైమును వదులుతాయి. అది కణాల మధ్య అతుకులను తినేస్తుంది. దెబ్బ ఒకచోటే అయినా లీకు పైకీ కిందకీ పాకుతుంది. ఎలుకల్లో వారాలు గడిచినా పూర్తిగా మూసుకోలేదు. గోడకు చిల్లు పడింది కదా, మందులైనా సులువుగా వెళ్తాయనుకుంటే అదీ లేదు. పి-గ్లైకోప్రొటీన్ అనే ప్రొటీన్ దెబ్బ తర్వాత పెరిగి, నాడీకణాలను కాపాడేందుకు ఇచ్చి చూసిన రిలుజోల్ అనే మందును బయటికి నెట్టేస్తున్నట్టు ఎలుకల్లోనే తేలింది.

ఇక మెదడు. వెన్నుకి దెబ్బ తగిలిన ఎలుకల్లో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు రెచ్చిపోయాయి, కొత్త నాడీకణాలు పుట్టడం తగ్గింది, నేర్చుకోవడంలో అవి వెనకబడ్డాయి. దెబ్బకు ఒంట్లో పుట్టే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రసాయనాలు రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతాయి, మెదడు నాళాల అతుకులను సడలించే గుణం వాటికి ఉంది. దీనికి బీపీ తోడు. ఛాతీ ఆరో వెన్నుపూస స్థాయిలోగానీ అంతకు పైనగానీ దెబ్బ తగిలినవారికి మూత్రాశయం నిండితే చాలు, బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. లేచి కూర్చుంటే అదే బీపీ పడిపోవచ్చు.

ఎలుకలో జరిగిందంతా మనిషిలో అచ్చంగా జరుగుతుందని నేననను. కానీ వెన్నుపాము గాయపడినవారిలో డిప్రెషన్, మతిమరుపు ఎక్కువన్నది మనుషుల్లో చూసిందే. దాన్ని "కాళ్లు పడిపోయిన దిగులులే" అని కొట్టిపారేస్తున్నాం.

మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ తగిలినవారికి 24 గంటల్లోపు దాని మీది ఒత్తిడి తొలగించే ఆపరేషన్ చేస్తే మేలన్నది 2012లో వచ్చిన పెద్ద అధ్యయనం మాట. ఏజెన్సీవాళ్లకు ఆ గంటల్లో కొంత ఘాట్ రోడ్డే మింగేస్తుంది. అది పెద్ద పని, సర్కారు చూడాలి. రేపే చేయగలిగిందీ ఒకటుంది. ఫిజియోథెరపీకి వచ్చిన రోజునే ఓ పది నిమిషాలు జ్ఞాపకశక్తి, నిద్ర, మూడ్ ఎలా ఉన్నాయో అడగొచ్చు. మూత్రం పోయేందుకు పెట్టిన కెథటర్ ట్యూబు మూసుకుపోయి తలనొప్పి, చెమటలు వస్తే వెంటనే కూర్చోబెట్టి ట్యూబు సరిచూడాలని ఇంటివాళ్లకు నేర్పొచ్చు. వీటికి స్కానింగ్ అక్కర్లేదు.