పోలండ్‌వాడికి ఇరవై నాలుగు గంటలు చాలవు

యూరప్, అమెరికా పెద్దలకు ఒక మనవి. మీరంతా ఒకసారి కూర్చుని, పోలండ్‌వాడు ఎలాంటివాడో ఒక మాట మీదకు రండి. ఇప్పుడు మీరు పెట్టిన షరతుల ప్రకారం ఆ దేశంలో పుట్టి బతకడం మానవమాత్రుడి వల్ల కాదు. ఫ్రెంచివాళ్ళ లెక్కన వాడు పొద్దస్తమానం తాగి పడి ఉండాలి. జర్మన్ల లెక్కన చీకటి పడ్డాక లేచి ఒక కారు దొంగిలించి, తెల్లారేలోగా సరిహద్దు దాటించాలి. ఇంగ్లీషువాళ్ళ లెక్కన పొద్దున్నే ఎవరింట్లోనో కొళాయి బాగుచేస్తూ ఉండాలి, అదీ సగం కూలికి. ఆదివారం చర్చి తప్పకూడదు. ఇంత పనీ నెగ్గుకొచ్చేవాడు అమెరికా లెక్కలో మాత్రం బల్బు మార్చడం కూడా చేతకాని మొద్దు. ఇది న్యాయమా అన్యాయమా అన్నది తర్వాత. ముందు ఈ టైమ్‌టేబుల్ ఎవరు వేశారు?

తీర్పు చెప్పడానికి తెలుగువాళ్ళకంటే తగినవాళ్ళు లేరని నా నమ్మకం. మనకు పోలండ్‌వాళ్ళ మీద ఏ దురభిప్రాయమూ లేదు. అసలు ఏ అభిప్రాయమూ లేదు. మొన్నమొన్నటిదాకా మనలో చాలామందికి పోలండ్, హాలండ్ ప్రాస కుదిరిన రెండు పేర్లు మాత్రమే. ఫలానా కన్సల్టెన్సీవాళ్ళు ‘అక్కడ ఫీజులు తక్కువండీ’ అన్నాకే అదొక దేశమని తెలిసింది. ఇంత నిష్కల్మషమైన అజ్ఞానం ఉన్న న్యాయమూర్తి పాపం ఆ దేశానికి ఇంకెక్కడ దొరుకుతాడు?

మొదటి ఆరోపణ తాగుడు. ‘పోలండ్‌వాడిలా తాగాడు’ అనే మాట ఫ్రెంచిలో ఇప్పటికీ చెలామణిలో ఉంది. దీని వెనక ఒక కథ చెబుతారు. 1808 నవంబర్ 30న స్పెయిన్‌లో సోమోసియెర్రా కనుమ దగ్గర నెపోలియన్ సైన్యానికి దారి మూసుకుపోయింది. ఇరుకు దారి, ఎత్తు మీద స్పెయిన్ ఫిరంగులు. ఆ ఫిరంగులకు ఎదురుగా పోలిష్ అశ్వికదళం గుర్రాల మీద కొండెక్కి వాటిని పట్టుకుంది. తెలివిలో ఉన్నవాడు ఇలాంటి పని చేయడు, తాగి ఉంటారు అని ఫ్రెంచి అధికారులు గొణిగారట. అలాగైతే మీరూ ఆ పోలండ్‌వాళ్ళలా తాగండి అన్నాడట నెపోలియన్. ఈ సంభాషణ నిజంగా జరిగిందని ఎవరూ రుజువు చేయలేదు. కానీ కథలోని తమాషా చూడండి. మెచ్చుకోలుగా పుట్టిందని చెప్పే మాట రెండు వందల ఏళ్ళలో తిట్టయి కూర్చుంది. ఇక వాస్తవానికొస్తే, తలసరి మద్యం లెక్కల్లో పోలండ్, ఫ్రాన్స్, జర్మనీ ఇంచుమించు ఒకే వరసలో ఉంటాయి. ఒకడు వోడ్కా తాగితే తాగుబోతు, ఇంకొకడు వైన్ తాగితే సంస్కృతి. సీసా మీద లేబుల్‌ని బట్టి మనిషి గుణం నిర్ణయమవుతుందన్నమాట.

అదే నెపోలియన్ పోలిష్ సైనికులను అప్పటి ఫ్రెంచి వలస హైతీకి కూడా పంపాడు, 1802లో, అక్కడి బానిసల తిరుగుబాటును అణచమని. తమ దేశమే మూడు సామ్రాజ్యాల చేతుల్లో ముక్కలై ఉంది, స్వేచ్ఛ ఇప్పిస్తాడని నెపోలియన్ వెంట తిరుగుతున్నారు, తీరా చూస్తే ఇంకొకరి స్వేచ్ఛను తొక్కే పని అప్పజెప్పాడు. కొందరు అవతలి పక్షానికి వెళ్ళిపోయారు. 1805లో హైతీ రాజ్యాంగం తెల్లవాళ్ళెవరూ అక్కడ ఆస్తి కొనకూడదని రాసుకుంటూ, తమ పౌరులైన పోలిష్‌వాళ్ళకూ జర్మన్లకూ మినహాయింపు ఇచ్చింది. పోలండ్‌వాళ్ళ మీద దుష్ప్రచారం లేని దేశం ఒకటుందంటే అది బహుశా హైతీయే. ఎవరూ అటు వెళ్ళి అడగరు.

ఫ్రాన్స్ దగ్గరే ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే కొళాయి రిపేరువాడు ఒక ఖండం రాజ్యాంగాన్ని అడ్డుకున్న ఘనత ఆ దేశంలోనే జరిగింది. 2004 మే 1న పోలండ్ ఐరోపా సమాఖ్యలో చేరింది. ఏడాది తిరిగేసరికి ఫ్రాన్స్‌లో ఐరోపా రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ. ఒక దేశం వాళ్ళు ఇంకో దేశంలో సేవలు అమ్ముకోవడం తేలిక చేద్దామని బోల్కెస్టైన్ అనే ఐరోపా సమాఖ్య డచ్ కమిషనర్ అప్పటికే ఒక ప్రతిపాదన పెట్టి ఉన్నాడు. ఇంకేముంది, పోలండ్ ప్లంబర్ వస్తున్నాడు, మన పొట్ట కొడతాడు అని ఫిలిప్ ద విల్లియే లాంటి నాయకులు ఊరూరా చెప్పారు. ఉత్తర ఫ్రాన్స్‌లో తనకో ఇల్లుందనీ, అక్కడ ప్లంబర్ దొరకడం కష్టంగా ఉందనీ, పోలండ్‌వాడు వస్తే సంతోషమేననీ బోల్కెస్టైన్ నోరు జారాడు. విద్యుత్ కార్మికులు వెళ్ళి ఆ ఇంటికి కరెంటు తీసేశారు. నీళ్ళ సమస్య చెప్పుకుంటే దీపం ఆర్పేశారు! మే 29న దాదాపు 55 శాతం మంది రాజ్యాంగం వద్దన్నారు. వాళ్ళలో ఎంతమంది పోలండ్ ప్లంబర్‌ని కళ్ళారా చూశారో ఎవరూ అడగలేదు. భయపడటానికి చూసి ఉండాల్సిన పని లేదు కదా, దయ్యాల విషయంలోనూ అంతే.

పోలండ్ పర్యాటక శాఖవాళ్ళు దీనికి రోషపడి కోర్టుకెళ్ళలేదు. ఒక అందమైన మోడల్‌కి ప్లంబర్ దుస్తులు తొడిగి, చేతికి పైపులిచ్చి పోస్టర్ వేశారు: నేను పోలండ్‌లోనే ఉంటాను, మీరే పెద్ద సంఖ్యలో రండి. ఒక జాతి మీద పడ్డ నిందను టూరిజం ఆదాయంగా మార్చుకున్నవాళ్ళను మొద్దులనడం ఎలాగో నాకైతే అంతుచిక్కలేదు.

ఇక్కడ ప్లంబర్ అనగానే ఎలక్ట్రీషియన్ గుర్తుకు రాకపోతే పాపం. 1980 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న రొనాల్డ్ రీగన్ ప్రచారంలో ఉండగా ఒక జోకు చెప్పి దొరికిపోయాడు. కోడిపందేల్లో పోలండ్‌వాడిని గుర్తుపట్టడం ఎలా? బాతును తెచ్చినవాడే వాడు. (జోకులో ఆ బాతు మీద పందెం కాసేవాడు ఇటలీవాడు. బాతు గెలిచిందంటే మాఫియా చేయి ఉన్నట్టు. ఒక్క దెబ్బకు రెండు జాతులు.) అదే ఏడాది ఆగస్టులో పోలండ్‌లోని గ్దాన్స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె మొదలైంది. దాన్ని నడిపించిన లెక్ వాలెసా వృత్తి ఎలక్ట్రీషియన్. కమ్యూనిస్టు ప్రభుత్వం ఆగస్టు 31న దిగొచ్చి సంతకం పెట్టింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో అక్కడ సైనిక పాలన విధించినప్పుడు, పోలండ్ ప్రజల కోసం కిటికీలో కొవ్వొత్తి వెలిగించండని టీవీలో అమెరికన్లను కోరింది ఎవరో కాదు, అప్పటికి అధ్యక్షుడైన రీగనే. బల్బు మార్చడం రాదన్న జాతిలోంచి ఒక ఎలక్ట్రీషియన్ లేచి ప్రభుత్వాన్ని వంచితే, జోకులేసినవాడు కొవ్వొత్తులతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ మొద్దు కథలు అమెరికాలో ఎందుకు పుట్టాయో పెద్ద రహస్యం కాదు. చికాగో కబేళాల్లో, పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లుల్లో పనికి వచ్చిన పల్లెటూరి రైతులకు ఇంగ్లీషు రాలేదు. మన భాష రానివాడికి బుర్ర లేదనుకోవడం మనుషులందరికీ ఉన్న అలవాటే. 1960, 70లలో ఆ జోకులు టీవీకెక్కాయి. మనం సర్దార్జీల మీద చెప్పుకుని నవ్వుకునేవాటిలో చాలామటుకు ఇవే, పేర్లు మారాయంతే. నిజానికి జర్మన్ సైన్యం రహస్య సందేశాలు పంపుకునే ఎనిగ్మా యంత్రం గుట్టు మొదట విప్పింది 1932 డిసెంబర్‌లో మరియన్ రెయెఫ్‌స్కి అనే పోలిష్ గణిత శాస్త్రజ్ఞుడు. 1939 జులైలో, యుద్ధానికి కొద్ది వారాల ముందు, వార్సా దగ్గరి అడవిలోకి బ్రిటిష్, ఫ్రెంచి నిపుణులను పిలిచి ఆ విద్యంతా చేతిలో పెట్టారు. పేరు మాత్రం ఎక్కువగా ఇంగ్లండ్‌లోని రహస్య సంకేతాలు విప్పే కేంద్రం బ్లెచ్లీ పార్క్‌కు వెళ్ళింది. ఆ సెప్టెంబర్ గురించి జనానికి గుర్తున్నది ఇంకో కథ: పోలిష్ అశ్వికదళం ఈటెలతో జర్మన్ ట్యాంకుల మీదకు దూకిందని. నిజానికి క్రోయాంతి అనే ఊరి దగ్గర వాళ్ళు దాడి చేసింది జర్మన్ కాల్బలం మీద. ఆ తర్వాత సాయుధ వాహనాలు వచ్చి కాల్చాయి. మర్నాడు జర్మన్లు విలేఖరులను తీసుకొచ్చి శవాలు చూపించి కథ అల్లారు. కథ ఎంత బాగుందంటే పోలండ్‌వాళ్ళలోనే కొందరు దాన్ని తమ శౌర్యానికి సాక్ష్యంగా చెప్పుకున్నారు. శత్రువు వేసిన వెక్కిరింతను మెడల్‌లా తగిలించుకోవడం వాళ్ళ ప్రత్యేకత అని నేనూ ఒక ముద్ర వేసేయగలను.

జర్మన్ల విషయానికొస్తే, వాళ్ళకు పోలండ్‌వాడు ఒకప్పుడు అస్తవ్యస్తం మనిషి. ‘పోలిష్ నిర్వహణ’ అంటే వాళ్ళ భాషలో చిందరవందర అని 18వ శతాబ్దం చివరి నుంచీ అర్థం. సరిగ్గా 1772, 1793, 1795లలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని పంచుకున్న రోజులవి (1793 పంపకంలో మాత్రం ఆస్ట్రియా లేదు). పొరుగువాడి ఇల్లు ఆక్రమించాక ‘వాడికి ఇల్లు సర్దుకోవడం రాదండీ’ అనడంలో ఎంతో సౌకర్యం ఉంది. 1990లలో ఆ చిందరవందర మనిషికి దొంగగా ప్రమోషన్ వచ్చింది. నిన్న పోయిన కారు ఇవాళ పోలండ్‌లో ఉందని జర్మన్ టీవీల్లో జోకులు. ఇందులో నిజం లేదని నేను బుకాయించను. ఆ దశాబ్దంలో జర్మనీలో పోయిన కార్లు చాలానే పోలండ్ మీదుగా తూర్పుకు సాగాయి. అయితే దొంగల ముఠాలో ఉన్నది కొద్దిమంది, జోకులో ఉన్నది దాదాపు నాలుగు కోట్ల మంది.

బ్రిటన్ సంగతి క్లుప్తంగా. 2004లో సమాఖ్యలో కొత్తగా చేరిన దేశాల పనివాళ్ళకు వెంటనే తలుపు తీసిన మూడు దేశాల్లో అదొకటి. కొత్త దేశాల నుంచి ఏడాదికి మహా అయితే 13 వేల మంది వస్తారని అక్కడి ప్రభుత్వం కోసం వేసిన అంచనా. 2011 జనాభా లెక్కలకల్లా ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంగ్లీషు, వెల్ష్‌లను పక్కన పెడితే ఎక్కువమంది తమ ప్రధాన భాషగా చెప్పింది పోలిష్, 5 లక్షల పైచిలుకు. వాళ్ళ మీద అక్కడి ఫిర్యాదు ఏమిటంటే మరీ ఎక్కువ పని చేస్తున్నారని. ఇది నేరమని నాకు తెలియదు.

ఇక పోలండ్‌వాళ్ళు తమ గురించి తాము ఏమనుకుంటారో విందాం, ఇక్కడే మాకు సరైన సాక్ష్యం దొరికింది. తాము ఏడుపుగొట్టు జాతి అని వాళ్ళే ఒప్పుకుంటారు. ఎలా ఉన్నారని అడిగితే ‘పాత దరిద్రమే’ అనేది అక్కడ మామూలు జవాబు. 2009లో ప్రపంచమంతా మాంద్యంలో మునిగితే, ఐరోపా సమాఖ్య మొత్తంలో ఆర్థిక వృద్ధి నమోదైన ఏకైక దేశం పోలండ్. ఆ ఏడాది కూడా జవాబు మారి ఉంటుందని నేననుకోను. ఇద్దరు పోలండ్‌వాళ్ళు కలిస్తే మూడు అభిప్రాయాలు అని వాళ్ళ సామెత. పాత పార్లమెంటులో ఒక్క సభ్యుడు ‘ఒప్పుకోను’ అని అరిస్తే సభ మొత్తం రద్దయ్యే పద్ధతి ఉండేదంటే సామెతకు చట్టబద్ధత కూడా ఉన్నట్టే. ఇంటికొచ్చిన అతిథిని దేవుడన్నారు. భక్తి మాత్రం కాస్త పలచబడింది. 1980లో కేథలిక్కుల్లో సగం మంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు, 2021కి అది 30 శాతం లోపే. ఆ రకంగా టైమ్‌టేబుల్‌లో ఒక గంట మిగిలింది.

వాళ్ళ సొంత జోకుల్లో ఒక జర్మన్, ఒక రష్యన్, ఒక పోలండ్‌వాడు ఉంటారు. గెలిచేది ఎవరో చెప్పక్కర్లేదు. పిసినారితనాన్ని క్రాకోవ్, పోజ్‌నాన్ ఊళ్ళకు అప్పగించారు. దుబారా చేస్తున్నారని అక్కడినుంచి తరిమేస్తే పోయినవాళ్ళే స్కాట్‌లండ్‌వాళ్ళట. తెలివితక్కువతనం వోంహొత్స్క్ అనే చిన్న ఊరి వాటాకు వచ్చింది. రాత్రి పడుకునే ముందు రోడ్డు మీద తారు చుట్టి లోపల పెట్టుకుంటారని ఆ ఊరి పెద్ద మీద జోకులు. ఊరివాళ్ళు పరువునష్టం దావా వేయలేదు. ఆ ఊరి పెద్దకు విగ్రహం కట్టారు, జనం వెళ్ళి ఫొటోలు దిగుతున్నారు.

ఇంతకాలం నవ్వించిన జాతికి ఇప్పుడు నవ్వే హోదా కూడా వచ్చింది. 2021లో బయటివాళ్ళకు నివాస అనుమతులు అన్నిటికంటే ఎక్కువ ఇచ్చిన ఐరోపా సమాఖ్య దేశం పోలండే, దగ్గర దగ్గర 10 లక్షలు, అందులో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌వాళ్ళకు. వార్సాలో గోడలు కట్టేది, గదులు తుడిచేది వాళ్ళు. 2022 యుద్ధంలో శరణు కోరి వచ్చిన లక్షలమందికి పోలండ్‌వాళ్ళు ఇళ్ళ తలుపులు తీశారు, దానికి రెండు చేతులా దణ్ణం పెట్టాల్సిందే. కొన్నాళ్ళకు అక్కడా గొణుగుడు మొదలైంది: మన పనులు లాక్కుంటున్నారు, మన డబ్బులు తింటున్నారు, క్యూలో మనకంటే ముందుంటున్నారు. ఫ్రెంచివాడు 2005లో రాసిన స్క్రిప్టే, డబ్బింగ్ మాత్రం పోలిష్‌లో. సంపన్న దేశం కావడానికి తలసరి ఆదాయం ఒక్కటే చాలదు, మన కొళాయి బాగుచేసేవాడి మీద అనుమానం కూడా ఉండాలి.

మనవాళ్ళు కూడా ఆ వీధుల్లోకి చేరారు. చదువుకోవడానికి వెళ్ళి, సాయంత్రం పూట భోజనం బ్యాగు వీపున వేసుకుని సైకిల్ తొక్కే భారతీయ కుర్రాళ్ళు పోలండ్ నగరాల్లో ఇప్పుడు వింత కాదు, వాళ్ళలో తెలుగు వినిపిస్తుంది. తెలుగువాడి మీద మొదటి పోలిష్ జోకు పుట్టడానికి ఎంతో కాలం పట్టదు. వెంటనే ఖండించాలి, అందుకు సంఘం కావాలి. తెలుగువాళ్ళ పద్ధతి తెలిసిందే కనుక సంఘాన్ని చీల్చడానికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఇప్పటినుంచే మాట్లాడుకోవడం మానేస్తే, జోకు వచ్చే వేళకు రెండు ఖండన ప్రకటనలు సిద్ధంగా ఉంటాయి.