గిన్నెల సాక్ష్యం

మోటార్‌హోమ్, అంటే వంటగదీ మంచమూ ఉన్న ఇల్లులాంటి బండి, కొన్న కొత్తలో నేను దాన్ని నడిపేవాణ్ణి కాదు, బతిమాలేవాణ్ణి. స్టీరింగ్ కాస్త కుడికి తిప్పితే బండి ముందు ఆలోచించేది. తర్వాత, పోనీలే అడిగాడు కదా అన్నట్టు కుడికి జరిగేది. ఇక చాలు అంటే వినేది కాదు. మళ్ళీ ఎడమకి తిప్పడం, మళ్ళీ బతిమాలడం. తిన్నగా ఉన్న రోడ్డు మీద గంటసేపు ఇలా మెలికలు తిరిగి దిగేసరికి నా భుజాలు రెండూ చెవుల దాకా వచ్చి ఉండేవి.

పెద్ద లారీ దాటుతుంటే ఆ సంబరం వేరు. అది ముందు తోసుకొచ్చే గాలి మమ్మల్ని అవతలికి నెట్టేది. నెట్టిన చోట కుదురుకుందామనుకునేలోపు లారీ పక్కన పీడనం తగ్గి ఇవతలికి లాగేది. మాది ఎనిమిదిన్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల పైచిలుకు ఎత్తు ఉన్న పెట్టె. గాలికి ఇంత గోడ కట్టి ఇస్తే తోయక ఏం చేస్తుంది?

మా ఆవిడ అరిచేది కాదు, కళ్ళు మూసుకునేదీ కాదు. పక్క సీట్లో కూర్చుని, చెవి మాత్రం వెనక వంటగది వైపు పెట్టేది. మలుపులో బండి ఒరిగితే "మూడో అర" అనేది. గుంతలో పడితే "గరిటెలు" అనేది. బ్రేకు వేస్తే "ప్లేట్లు". అంతే, పైన ఒక్క మాట ఉండేది కాదు. నేనది సాధింపు అనుకున్నాను. అది రోగ నిర్ధారణ అని తెలియడానికి ఏడు నెలలు పట్టింది.

మెకానిక్ దగ్గరికి వెళ్ళలేదా అంటే వెళ్ళాను. ఆయన ఒకసారి బండి కిందికి, ఒకసారి నా ముఖంలోకి చూసి "అన్నీ మార్చాలి సార్" అన్నాడు. ఆ 'అన్నీ' అన్న మాట ఆయన పలికిన తీరు నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి, సస్పెన్షన్ సంగతి, అంటే చక్రాలకీ బండికీ మధ్య కుదుపులు మింగే ఏర్పాటు సంగతి, నేనే చూసుకుంటానని ప్రకటించాను. మా బావమరిది వెంటనే "నేనూ వస్తా బావా" అన్నాడు. వాడికి బండ్ల గురించి ఏమీ తెలియదు. ఆ లెక్కన మేమిద్దరం సమానమే.

మొదటి వైద్యం గాలి. టైరు పక్కన అచ్చేసిన అంకె చూశాను, 110 పీఎస్‌ఐ. కంపెనీవాడే రాశాడు కదా అని నాలుగు మూలలా అంతా కొట్టించాను. ఆ తర్వాత రోడ్డు మీద గీసిన తెల్లగీత మీదికెక్కినా నా వెన్నుపూసకి తెలిసిపోయేది. "గరిటెలు, ప్లేట్లు, మూతలు, గ్లాసులు" అంటూ మా ఆవిడ ఆరోజు మొత్తం వంటిల్లు అప్పజెప్పింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ అంకె టైరు మోయగలిగిన గరిష్ఠ బరువుకి కావలసిన గాలి. మన బండి బరువుకి ఎంత కావాలో టైరు కంపెనీ పట్టికలో చూడాలి. పట్టిక చూడాలంటే ఏ ఇరుసు మీద ఎంత బరువుందో తెలియాలి. అది తెలియాలంటే వే బ్రిడ్జికి వెళ్ళి కాటా వేయించాలి.

నిజం చెప్పొద్దూ, కాటా నాకు రుచించలేదు. కాటా వేయిస్తే చేతికో చీటీ వస్తుంది, అంతే. కొనుక్కోవడానికి ఏమీ ఉండదు. నాకేమో అప్పటికే టార్క్ రెంచ్ మీద, అంటే బోల్టు ఎంత బిగిసిందో కొలిచి చెప్పే పానా మీద, మనసు పోయింది.

కాబట్టి రెండో వైద్యానికి దూకాను. బండి పక్కలకి ఒరగకుండా ఇరుసు దగ్గర అడ్డంగా ఒక లావుపాటి ఉక్కు కడ్డీ ఉంటుంది, యాంటీ రోల్ బార్. దాని కొసలకి లింకులు బిగించి ఉంటాయి. కొన్ని బార్లకి ఒక్కో కొసలో రెండేసి రంధ్రాలుంటాయి. లింకును బయటి రంధ్రం నుంచి లోపలి రంధ్రానికి మార్చితే, కడ్డీని మెలిపెట్టే చెయ్యి పొట్టిదై బార్ బిగుసుకుంటుంది. ఆ చెయ్యి 30 సెంటీమీటర్ల నుంచి 27కి తగ్గినా బిగువు సుమారు 23 శాతం పెరుగుతుంది, ఎందుకంటే లెక్క వర్గంలో నడుస్తుంది. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ మీద కట్టిన మోటార్‌హోమ్‌ల వాళ్ళు ఈ కిటుకుకి చవక వైద్యమనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. మాది ఆ ఛాసిస్ కాదు గానీ, రెండో రంధ్రం మాత్రం ఉంది. ఉన్న రంధ్రాన్ని వాడకపోతే ఎలా?

చవక వైద్యమన్నారు గానీ, దానికి నేను కొన్నవి ఇవి: పెద్ద జాకీ, నాలుగు స్టాండ్లు, సాకెట్ల పెట్టె, గజం పొడవు పానా, చక్రాలకి అడ్డంపెట్టే దిమ్మలు, టార్క్ రెంచ్. పని లేనప్పుడు ఇవన్నీ బండి వెనక, మంచం కింద ఉన్న డిక్కీలో సర్దేవాణ్ణి. మంచి చోటు, లోతుగా ఉంటుంది.

పని మొదలెట్టి ఒక పక్క జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, కిందికి దూరాను. పాత రంధ్రంలోంచి బోల్టు ఊడింది. కొత్త రంధ్రంలోకి పోదు! రెండు వేళ్ళంత తేడా. లాగాను, తోశాను, కాలితో తన్నాను. గంటంబావు తర్వాత, నా గడ్డం గ్రీజుతో నిండాక అర్థమైంది. ఒక పక్క ఎత్తితే బార్ మెలిపడుతుంది, అది ఉన్నదే అందుకు. రెండు చక్రాలూ చదునైన నేల మీద సమంగా ఉంటే అందులో మెలికే ఉండదు, బోల్టు వేలితో తోస్తే దూరుతుంది. అంటే జాకీతో అసలు పనే లేదు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు, ఎందుకంటే జాకీ ధర ఆవిడకి తెలుసు.

ఇక బిగించాలి. మా బావమరిది మాన్యువల్ పట్టుకుని బయట కూర్చున్నాడు.

"ఎంతరా?"

"నూటపది బావా."

నూటపది పెట్టి బిగించాను. బోల్టు కీచుమంది. నేను ఇంకొంచెం బిగించాను. బోల్టు దేవుణ్ణి తలుచుకుంది.

"నూటపది ఏమిట్రా? న్యూటన్ మీటర్లా, ఫుట్ పౌండ్లా?"

"నువ్వు అంకె అడిగావు బావా."

110 ఫుట్ పౌండ్లంటే దగ్గరదగ్గర 149 న్యూటన్ మీటర్లు. పుస్తకంలో ఉన్నవి న్యూటన్ మీటర్లు, నా రెంచ్ మీదున్నవి ఫుట్ పౌండ్లు. ఆ బోల్టు తీసేసి కొత్తది వేశాం. పాతది డిక్కీలో పడేశాను.

ఇంత చేసినందుకు ఫలితం వచ్చింది, కాదనను. మర్నాడు మలుపులో మా ఆవిడ ఏమీ అనలేదు. "మూడో అర?" అని నేనే అడిగాను. "ఊహూ" అంది. అంత పొంగిపోయిన సందర్భం నా జీవితంలో ఇంకోటి గుర్తులేదు. కాకపోతే బార్ బిగిస్తే ఒక చక్రం గుంతలో పడిన దెబ్బ రెండో పక్కకి కూడా ఎక్కువ తెలుస్తుంది. ఇదివరకు ఒక పక్క గిన్నెలే మోగేవి, ఇప్పుడు రెండు పక్కలవీ కూడబలుక్కుని మోగుతున్నాయి. రోడ్డు మీద మెలికలు మాత్రం అలాగే ఉన్నాయి. కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపించింది గానీ, నా అనుమానమనుకున్నాను.

తర్వాతి నెలలు గబగబా చెప్పేస్తాను. షాక్ అబ్జార్బర్లు మార్చాను. పాతవి పారేయడానికి మనసొప్పక డిక్కీలో పెట్టాను. కీళ్ళ దగ్గర మెత్తగా ఉండే రబ్బరు బుష్‌లు తీసి పాలీయురేథేన్‌వి వేశాను. అవి గట్టివే గానీ, సరైన గ్రీజు పడకపోతే కిచకిచమంటాయి. మావి అన్నాయి. స్టీరింగ్‌కి డ్యాంపర్ తగిలించాను. అది కుదుపుని మింగుతుందే గానీ, బండి దారి తప్పే కారణాన్ని ముట్టుకోదు.

ఇంతలో బండి వెనకభాగం కుంగినట్టు కనిపించింది. పాపం స్ప్రింగులు అలసిపోయాయనుకున్నాను. వాటికి సాయంగా రెండు ఎయిర్ బ్యాగులు, వాటికి గాలి కొట్టడానికో కంప్రెసర్. గాలి కొట్టగానే వెనకభాగం ఠీవిగా లేచింది. ఆరోజు రోడ్డెక్కితే, బండి నా మాట వినడం పూర్తిగా మానేసింది.

దానికీ కారణముంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, ముందు చక్రాలకీ అలాంటి వాలు ఒకటుంటుంది, క్యాస్టర్ అంటారు. స్టీరింగ్ వదిలితే చక్రాలు వాటంతటవే తిన్నగా రావడానికి అదే ఆధారం. వెనకభాగం ఎత్తితే బండి ముక్కు వంగి ఆ వాలు తగ్గుతుంది. నేను సొంత డబ్బు పెట్టి దాన్ని తగ్గించుకున్నాను.

ఆ సాయంత్రం బండి పక్కకి ఆపి తల పట్టుకుని కూర్చుంటే, మా ఆవిడ మెల్లగా అంది.

"ఏమండీ, ఒక మాట చెప్పనా? మొదట్లో చప్పుళ్ళన్నీ నా గిన్నెలవే. ఇప్పుడు మంచం కిందనుంచి ఇంకేదో చప్పుడొస్తోంది. అది ఇనుము. నా వంటింట్లో అంత ఇనుము లేదు."

డిక్కీ తెరిచాం. మా బావమరిది లోపలికి చూసి, "బావా, ఇది మెకానిక్ షాపు" అన్నాడు.

మర్నాడు నోరు మూసుకుని వే బ్రిడ్జికి వెళ్ళాను. డిక్కీ సామానుతో ఒకసారి, లేకుండా ఒకసారి. తేడా 200 కిలోలు! మా బండి ఇరుసుల మధ్య దూరం 5 మీటర్లు. డిక్కీ వెనక ఇరుసుకి ఇంకో 2 మీటర్లు వెనకుంది. తూగుడుబల్ల లెక్కన ఆ 200 కిలోలు ముందు ఇరుసు మీంచి 80 కిలోలు ఎత్తేసి, వెనక ఇరుసు మీద 280 మోపుతున్నాయి. ముందు చక్రాలు రోడ్డుని పట్టుకోమంటే ఎలా పట్టుకుంటాయి? మెలికలు తగ్గించడానికి కొన్న ప్రతి పానా తన వంతు మెలిక తను చేర్చింది. మొదట్లో ఉన్న జబ్బు రవ్వంత, కొద్దిగా తప్పిన చక్రాల అలైన్‌మెంట్, నాలుగు రకాలుగా ఉన్న గాలి. మిగతాదంతా వైద్యుడి చలవ.

సామానంతా ఇంట్లో దింపేశాం. కాటా చీటీ చూసి, పట్టిక చెప్పినంత గాలి పెట్టించాం. ఎయిర్ బ్యాగుల గాలి తగ్గించి బండిని మొదటి ఎత్తుకి తెచ్చాం. అలైన్‌మెంట్ మాత్రం నేను ముట్టుకోలేదు, తెలిసినవాళ్ళతో చేయించాను. యాంటీ రోల్ బార్ కొత్త రంధ్రంలోనే ఉంది, అదొక్కటీ నేను సరిగ్గా చేసిన పని.

మొన్న మళ్ళీ రోడ్డెక్కాం. లారీ ఒకటి దాటింది. బండి కాస్త తల ఊపి, తన దారిన తను పోయింది. అరగంటసేపు ఎవరం మాట్లాడలేదు. గిన్నెలు కూడా.

ఆ నిశ్శబ్దంలో వినిపించింది, కిచ్ కిచ్ కిచ్.

"బుష్‌లు" అంది మా ఆవిడ.

"గ్రీజు గన్ ఉంటే రెండు నిమిషాల పని" అన్నాను. "కిలోన్నర కూడా ఉండదది."

"ఎక్కడ పెడతారు?"

కాసేపు లెక్క వేసుకున్నాను. "నా ఒళ్ళో పెట్టుకుంటాను" అన్నాను. "ముందు ఇరుసు మీద పడుతుంది."