పాపం, పాటలింట్లో పుట్టాడు

పేరున్న గాయకుల ఇంట్లో పుట్టి, తన పాటలు తనే రాసుకుని పాడుకోవాలనుకునే కుర్రాడి కష్టాల మీద ఇంతవరకూ ఎవరూ నోరు విప్పకపోవడం శోచనీయం. మిగతావాళ్లకేం, అప్పు చేసి గిటార్ కొనుక్కుంటారు, స్టూడియోల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతారు, చివరికి ఆ తిరుగుడు మీదే ఒక పాట రాసేస్తారు. మనవాడికి ఆ యోగం ఏదీ? గిటార్ ఉయ్యాల పక్కనే ఉంది. స్టూడియో మేడ మెట్ల కిందే ఉంది. ఇంటర్వ్యూలో ‘మీ స్ట్రగుల్ గురించి చెప్పండి’ అంటే ఏం చెబుతాడు? ‘స్టూడియోలో ఏసీ సరిగ్గా పనిచేసేది కాదండీ’ అని కళ్లు తుడుచుకోవాల్సిందే.

తొలి పాట ఎలా పుట్టిందో చూడండి. ప్రేమ బెడిసికొట్టింది. తలుపేసుకుని, లైటార్పి, ఫోన్ దిండు మీద పెట్టి రికార్డింగ్ నొక్కాడు. ‘నువ్వెళ్లిపోయాక ఈ గదిలో నేనొక్కణ్ణే’ అని అందుకున్నాడో లేదో, గోడ అవతల నుంచి నాన్న: ‘ఒరేయ్, పైన అందడం లేదు, అర శ్రుతి దించుకో!’ వంటింట్లోంచి అమ్మ అడక్కుండానే హార్మొనీ కలిపింది. నానమ్మ తొడ మీద తాళం వేస్తూ, ‘ఆ పిల్ల కోసమేనా?’ అంది. అన్నీ రికార్డయ్యాయి. ఒంటరితనం మీద నలుగురు కలిసి పాడిన పాట లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

ఇంట్లోవాళ్లు అడ్డుపడినా కాస్త పరువు దక్కేది. వియన్నాలో పేరున్న సంగీతకారుడు పెద్ద యోహాన్ స్ట్రాస్ తన కొడుకును బ్యాంకులో పెట్టాలనుకున్నాడు. కొడుకు దొంగచాటుగా వయొలిన్ సాధన చేస్తూ దొరికిపోయి దెబ్బలు తిన్నాడంటారు. 1844లో, 18 ఏళ్లకే, సొంత ఆర్కెస్ట్రాతో తండ్రికి పోటీగా దిగి వాల్ట్జ్ అనే నాట్య సంగీతానికి రాజు అనిపించుకునే దారి పట్టాడు. ఇప్పటి నాన్నలకు ఆ దయ ఎక్కడిది? కొడుకు కూనిరాగం తీస్తే చాలు, మైకు కొని చేతిలో పెట్టేస్తారు.

పోనీ పేరు మార్చుకుంటే? సితార్ విద్వాంసుడు రవిశంకర్ కూతురు తల్లి దగ్గర పెరిగింది, 16 ఏళ్లకే నోరా జోన్స్‌గా పేరు మార్చుకుంది. తొలి ఆల్బమ్‌కి 2003లో 5 గ్రామీ సంగీత అవార్డులు ఇంటికి పట్టుకెళ్లింది. ఆవిడ వాయించేది పియానో. అయినా మనవాళ్లు అందులో సితార్ వెతకడం మానలేదు.

పాటల దిగ్గజం బాబ్ డిలన్ కొడుకు జేకబ్ ఇంకో దారిలో వెళ్లాడు, బ్యాండ్ పేరు వెనక దాక్కున్నాడు. 1992లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ని జనం పట్టించుకోలేదు, రెండోది దుమ్ము రేపింది. 1998లో రెండు గ్రామీలు చేతికొచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపే, అదే రాత్రి, అదే వేదిక మీద ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ నాన్న కొట్టేశాడు. కన్నకొడుక్కి ఒక్క సాయంత్రం వదలకూడదా?

పాటలు రాసి పాడే వెయిన్‌రైట్ల ఇల్లు మాత్రం ఆదర్శ కుటుంబం. కొడుకు రూఫస్ పాలు తాగే వయసులో ఉండగానే తండ్రి లౌడన్ వాడి మీద పాట కట్టాడు. కొడుకు పెద్దయ్యాక, భోజనాల దగ్గర తండ్రితో జరిగిన గొడవను పాట చేశాడు. కూతురు మార్తా తండ్రి మీద రాసిన పాట పేరు ఇక్కడ అచ్చు వేయడానికి వీల్లేదు. మన ఇళ్లలో అరుపులన్నీ గాల్లో కలిసిపోతుంటే, వాళ్లకి రాయల్టీ కూడా వస్తోంది.

శ్రోతలం మనం మాత్రం తక్కువ తిన్నామా? గొంతు కలిస్తే ‘నాన్నకి కాపీ’, కలవకపోతే ‘నాన్న పోలికే రాలేదు’. పాట రాసిందెవరని మాత్రం అడగం. వాడే రాశాడంటే, ‘నాన్న దిద్దుంటాడులే’. (తలుపు బయట మూడేళ్లుగా డెమో పట్టుకుని నిలబడ్డ ఇంకో కుర్రాడు ఇదంతా చదివి ఏడుస్తున్నాడట. సానుభూతితోనే అయి ఉంటుంది.)

మొత్తానికి మనవాడి తొలి పాట విడుదలైంది. ‘ఎవరి సాయమూ లేకుండా సొంత కాళ్ల మీద నిలబడ్డ యువ కళాకారుడు’ అని ప్రెస్ నోట్ తయారైంది. రాసింది బాబాయి, అచ్చుతప్పులు దిద్దింది అమ్మ. వార్తలో తన పేరు ఎక్కడా రాయొద్దని నాన్న ప్రతి పత్రికకీ స్వయంగా ఫోన్ చేసి మరీ చెప్పాడు.