బోర్లీ రెక్టరీ గోడల్లో ఏ సన్యాసినీ లేదు

ఇంగ్లండులో అన్నిటికన్నా ఎక్కువ దయ్యాలున్న ఇల్లంటూ బోర్లీ రెక్టరీ (చర్చి మతగురువు ఉండే ఇల్లు) గురించిన సందేశం మిత్రుల వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ తిరుగుతోంది. నిజం కాదని చెప్పిన మర్నాడే మళ్లీ అదే వచ్చి పడుతోంది.

అది ఆరు వందల ఏళ్ల నాటి మఠమన్నది అందులోని మొదటి మాట. కాదు. ఎసెక్స్‌లోని బోర్లీ ఊళ్లో అంతకుముందున్న రెక్టరీ 1841లో కాలిపోగా, 1862లో రెవరెండ్ హెన్రీ బుల్ కట్టించిన ఎర్ర ఇటుకల ఇల్లు అది. పక్కనున్న చర్చి మాత్రమే నిజంగా పాతది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది రెండో మాట. 1362 నాటి బెనెడిక్టీన్ (ఒక క్రైస్తవ సన్యాస శాఖ) మఠంలోని ఒక సాధువును ప్రేమించినందుకు ఒక సన్యాసినిని ప్రాణాలతోనే గోడలో పెట్టి కట్టేశారట. ఈ కథకు చారిత్రక ఆధారమేదీ లేదని 1938లోనే తేలిపోయింది. లేని మఠానికి గోడ ఎక్కడిది? ఇటుకలతో మూసేసిన కిటికీ ఫొటోను సాక్ష్యంగా జతచేస్తున్నారు. అది భోజనాల గది కిటికీ. దాన్ని మూయించింది హెన్రీ బుల్. ఇల్లు కట్టించిన మనిషి మూయించిన కిటికీ, ఆ ఇంటికన్నా అయిదు వందల ఏళ్ల ముందు జరిగిందంటున్న హత్యకు సాక్ష్యం ఎలా అవుతుంది? 1943లో దయ్యాల పరిశోధకుడు హ్యారీ ప్రైస్ ఆ ఇంటి నేలమాళిగలో తవ్వించి తీసిన కొద్దిపాటి ఎముకలు ఆమెవేనని కూడా రాశారు. అవి పంది ఎముకలని నమ్మిన బోర్లీ వాసులు తమ శ్మశానంలో చోటివ్వకపోతే, పక్కనున్న లిస్టన్‌లో పాతిపెట్టవలసి వచ్చింది.

ఆ ఇంట్లో వినిపించేదంటున్న అడుగుల చప్పుడు సంగతి ఆ ఇంటి కట్టడమే చెబుతుంది. పద్నాలుగు మంది పిల్లలకు చోటు చాలక బుల్ మరో భాగాన్ని కలిపి కట్టించడంతో నడిమి ముంగిలి దాదాపు నాలుగు వైపులా మూసుకుపోయింది. ఆ వింత ఆకృతి వల్ల శబ్దాలు చిత్రంగా వినిపించేవని, దానికి ఎలుకలు కూడా తోడయ్యాయని 1956లో పరిశోధకులు డింగ్‌వాల్, గోల్డ్‌నీ, హాల్ తమ నివేదికలో తేల్చారు.

1939లో ఇంటిని ఆత్మలు తగలబెట్టలేదు. కొత్త యజమాని పెట్టెలు విప్పుతుండగా నూనె దీపం పడిందన్నారు. కావాలనే అంటించారని బీమా సంస్థ తేల్చింది. సందేశంలోని, గాలిలో ఎగిరిన ఇటుక ఫొటో 1944లో కూలీలు ఆ గోడలను పడగొడుతున్నప్పటిది.

1900 జులై 28 సాయంత్రం తోటలో సన్యాసిని కనిపించిందన్న బుల్ గారి నలుగురు కూతుళ్లు అబద్ధమాడారని మాత్రం నేను అనను. ఆ మసక వెలుతురులో వాళ్లకు ఏదో కనిపించే ఉంటుంది. అయితే మఠం కథ పుట్టింది కూడా ఆ ఇంటి పిల్లల నోటనే కావచ్చునన్న సంగతి సందేశంలో ఎక్కడా లేదు.