మా ఇంటి ట్రిప్ ప్లాన్ షీటు గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ ట్రిప్ ప్లాన్ షీటు గారి దివ్య సముఖమునకు, గుంటూరు నుంచి వచ్చి డల్లాస్‌లో కొడుకింట మకాం ఉన్న ఒక విశ్రాంత ఉద్యోగి నమస్కరించి వ్రాసుకున్న విన్నపము. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మాత్రం రోజురోజుకూ ఒళ్లు చేస్తున్నారని మా కోడలు ఫోనులో చూపించినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

తమరు పుట్టిన నాటికి సంకల్పం చాలా చిన్నది. సియాటిల్‌లో అలాస్కా ఓడ ఎక్కడానికి ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కనుక, కాస్త ముందుగా చేరుకుని, ఒలింపిక్ నేషనల్ పార్కు వైపు వెళ్లి, పెద్దవాళ్లు నడవగలిగిన కొండబాట ఒకటో రెండో చూసుకుని, తాపీగా రేవుకు రావాలన్నది మావాడి ఉద్దేశం. ఆ ఒక్క ముక్కకు తమరు ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల్లో రాసిన భాష్యం చూస్తే, ఓడలో గడిపే వారమంతా ఈ మజిలీ బడలిక తీర్చుకోవడానికే సరిపోయేట్టుంది. తెల్లవారుజామున 5:40కి లేవడం మొదలు రాత్రి 9:50కి ‘విశ్రాంతి’ వరకు గళ్లు నింపారు. ఆ విశ్రాంతికి పది నిమిషాలు కేటాయించి, వెంటనే ‘రేపటి బట్టలు సర్దుట’ అన్నారు.

‘సియాటిల్ నుంచి బెయిన్‌బ్రిడ్జ్ దీవికి ఫెర్రీ, 35 నిమిషాలు’ అని వేశారు. అబద్ధమని అనను, నీటి మీద పట్టేది అంతే. అయితే ఆ దారిలో కారుకు ముందుగా చోటు రిజర్వు చేసుకునే వీలు లేదు, వచ్చిన వరుసలోనే ఎక్కాలి. వేసవి సెలవుల్లో ఊరంతా అదే రేవు దగ్గర బారులు తీరితే మేము ఎక్కేది ఏ పడవో తమరి లెక్కలో లేదు.

దీవి దాటాక వచ్చే హుడ్ కెనాల్ వంతెన తమరి కంటికి రెండు గళ్ల మధ్య గీత మాత్రమే. అది 1961లో ప్రారంభమైన తేలే వంతెన. 1979 ఫిబ్రవరి తుపానులో పడమటి సగం నీట మునిగితే, 1982లో గానీ మళ్లీ రాకపోకలకు సిద్ధం కాలేదు. నీటి మీద పడుకుని ఉండే వంతెన కనుక పెద్ద నౌక వచ్చినప్పుడల్లా నడిమి భాగం పక్కకు జరిగి దారి ఇస్తుంది, అంతసేపూ కార్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ పక్కనే బాంగోర్‌లో అమెరికా నౌకాదళం వారి జలాంతర్గాముల స్థావరం ఉంది. అణు జలాంతర్గామి గారు ఆ పూట షికారుకు బయలుదేరితే, మేము పులిహోర డబ్బాలతో సహా ఒడ్డున నిలబడి ఆయనకు సలాము కొట్టవలసిందే. షీటులో ఆయనకు వరుస కేటాయించలేదేమని మావాణ్ణి అడిగాను. ‘బఫర్ ఉంది నాన్నా’ అన్నాడు. వెతికి చూశాను, ఆలస్యాలకని అట్టేపెట్టిన ఆ సమయం పదిహేను నిమిషాలు.

ఇక నడక సంగతి. పార్కు ముంగిట ఉన్న పోర్ట్ ఏంజెలెస్ ఊరి నుంచి 17 మైళ్లు కొండ ఎక్కితే హర్రికేన్ రిడ్జ్ అనే కొండశిఖ వస్తుంది, ఎత్తు 5,242 అడుగులు. అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకు పోతే హర్రికేన్ హిల్ బాట మొదలవుతుంది. ఒక వైపు 1.6 మైళ్లు, ఎక్కవలసింది సుమారు 650 అడుగులు, బాట మీద తారు పరిచి ఉంటుంది. అలిపిరి 3,550 మెట్లూ గోవిందనామాలతో ఎక్కిన మా ఆవిడకు ఇది లెక్క కాదు, నాకు కొంచెం లెక్కే. దీనికి తమరు ‘మోడరేట్’ అని పసుపు రంగు పూసినందుకు కూడా నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ కింది గడితోనే: ‘లంచ్ – పైన లాడ్జిలో’. ఆ లాడ్జి 2023 మే నెలలో కాలిపోయింది. తమరేమో అక్కడ మాకు సూపు పోయిస్తున్నారు. పార్కింగ్ నిండితే పైకి పోయే కార్లను కిందే ఆపి, దిగినవి దిగినట్టు వదులుతారన్నది కూడా తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఎనిమిదిన్నరకల్లా గేటు దాటితే తప్ప ఈ బాట మాకు దక్కదు. తమరు దాన్ని పదకొండుకు పెట్టి, పొద్దున్న పూటను ‘కాఫీ, ఫోటోలు’ అని ధారపోశారు.

అదే రోజు మధ్యాహ్నం హో రెయిన్ ఫారెస్టట. పోర్ట్ ఏంజెలెస్ నుంచి పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. ఏడాదికి దాదాపు 140 అంగుళాల వాన పడే అడవి అది. కొండలు వానను అడ్డుకోవడం వల్ల, తూర్పున ఉన్న స్క్విమ్ ఊళ్లో పడేది 16 అంగుళాల చిల్లర. ఇంత విచిత్రమైన నేలను తీరిగ్గా చూడవలసింది పోయి, ‘హో – 45 నిమిషాలు’ అని ఎలా రాయగలిగారు స్వామీ? ఆ వరుస మొత్తం చెరిపేయండి. దగ్గరలోనే లేక్ క్రెసెంట్ ఒడ్డున మేరీమియర్ జలపాతం ఉంది, రానూపోనూ రెండు మైళ్లకు లోపే. సాయంత్రానికి మాకు అది చాలు.

హర్రికేన్ హిల్ పైనుంచి ఆకాశం తేటగా ఉంటే జలసంధి అవతల కెనడా కనిపిస్తుంది, విక్టోరియా ఊరు కూడా అటే. ఆ ఊరితో మాకు కాగితాల బంధుత్వం ఉంది. విదేశీ జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని తిరిగి అమెరికా రేవులోనే దింపాలంటే, నడుమ పరాయి దేశపు రేవును తాకాలని 1886 నాటి చట్టం. అందుకని ఓడ ఒక సాయంత్రం విక్టోరియాలో ఆగుతుంది, అందుకని మేమిద్దరం వేలిముద్రలు ఇచ్చి కెనడా వీసాలు తెచ్చుకున్నాం. ఇంత యజ్ఞానికి తమరి దగ్గర దొరికిన చోటు ఒక టిక్కు గుర్తు.

అసలు ప్రమాదం చివరి రోజున ఉంది. ఓడ ఎక్కే రోజు పొద్దున ‘లేక్ క్రెసెంట్ సూర్యోదయం’, మధ్యాహ్నం ‘ఓడ’. ఈ రెంటి మధ్య జలాంతర్గామి గారి వంతెన, ఫెర్రీ వరుస, అద్దె కారు అప్పగింత అన్నీ ఉన్నాయి. విమానం తప్పితే మరో విమానం ఉంటుంది. ఓడ మాత్రం చెప్పిన వేళకు తాళ్లు విప్పుకుని పోతుంది. కాబట్టి ముందు రోజు సాయంత్రమే మమ్మల్ని సియాటిల్ చేర్చి, రేవుకు దగ్గరలో పడుకోబెట్టండి. ఆ ఉదయపు గళ్లన్నీ తెల్లగా వదిలేయండి, రంగులు వద్దు.

ఇట్లు
తమరి నాలుగో నిలువు వరుసలో ‘సీనియర్స్ (2)’గా నమోదైన వారిలో ఒకరు.

మళ్లీ వ్రాయునది: సామాను పట్టీలో ‘మోకాలి పట్టీ – వీలైతే’ అని ఉంది. దాన్ని ‘తప్పనిసరి, రెండు’ అని దిద్దగలరు.